ముందు సూది, ఆ తర్వాతే కత్తి

పల్నాడులోనూ ఒంగోలు చుట్టుపక్కల మెట్ట పొలాల్లోనూ దసరా వెళ్ళగానే పత్తి తీతలు మొదలవుతాయి. అవి ముగియకముందే మిరప కోతలు వచ్చి పడతాయి. ఆ తర్వాత కల్లాల్లో కాయ ఆరబెట్టడం, తాలు ఏరడం, తొడిమలు తీయడం. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చేదాకా ఆడవాళ్ళ చేతులకు తీరిక ఉండదు. స్నానం చేస్తుంటే రొమ్ములో చేతికి తగిలిన గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేనిది రోగమే కాదన్న లెక్క మన ఊళ్ళలో గట్టిది. కాబట్టి ఆ సంగతి వెనక్కి పోతుంది. కొన్నాళ్ళకు ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కణ్ణుంచి నరసరావుపేటకో చిలకలూరిపేటకో, చివరికి గుంటూరు కొత్తపేటకో ఒంగోలుకో చేరుతుంది.

అక్కడ ఆమెకు మూడు రకాల సలహాలు వినిపిస్తాయి. "గడ్డ తీసేద్దాం, తీశాక పరీక్షకు పంపుదాం" అని ఒకరు. "సన్న సూది గుచ్చి చూద్దాం" అని ఇంకొకరు. "స్కానింగ్‌లో చూస్తూ ముక్క తీయాలి" అని మరొకరు. ఒకే గడ్డకు మూడు దారులెందుకు? వాటిలో ఏది సరైనది? ఈ జిల్లాల్లో అది ఎంతవరకు అందుతుంది? నా మాట ముందే చెప్పేస్తాను. క్యాన్సరేమోనన్న అనుమానం ఉన్న గడ్డను, అదేమిటో తెలుసుకోవడం కోసమే కత్తితో కోసి తీయడం ఈ రోజుల్లో సమర్థించదగిన పని కాదు. సూదితో ముక్క తీయడానికి వీలుకాని అరుదైన కేసులు వేరు.

కత్తి ముందుకు రావడానికి చరిత్రలో ఒక కారణం ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ప్రపంచమంతటా ఒకటే పద్ధతి. మత్తిచ్చి గడ్డ కోసేవారు. ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద చూసేవారు. క్యాన్సరైతే అదే బల్లమీద రొమ్ము మొత్తం తీసేసేవారు. మత్తు దిగాక చేత్తో తడుముకుంటే గానీ తనకేం జరిగిందో ఆ మనిషికి తెలిసేది కాదు. 1974లో రోజ్ కుష్నర్ అనే అమెరికన్ పాత్రికేయురాలు తన గడ్డ విషయంలో దీనికి ఒప్పుకోలేదు. పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు, రెండింటి మధ్య నాకు ఆలోచించుకునే వ్యవధి కావాలని పట్టుబట్టింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల సంఘంలో ఆమె కూడా కూర్చుంది. ఆ సంఘం రెండంచెల పద్ధతినే సిఫారసు చేసింది. ఈ మార్పు తెచ్చింది సర్జన్లు కాదు, ఒక రోగి. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

సూది ఈ రెండంచెల పద్ధతి కంటే పాతది. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు సూదితో గడ్డలోని కణాలు లాగి పరీక్షించిన తీరును 1930లో ప్రచురించారు. సొంత దేశంలో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు అందిపుచ్చుకుని సన్న సూది పరీక్షగా, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీగా నిలబెట్టారు. ఎక్స్‌రేతో లెక్కగట్టి రొమ్ములోని బిందువును సూదితో పట్టుకునే స్టీరియోటాక్టిక్ యంత్రాన్ని 1970ల్లో రూపొందించిందీ అక్కడే. 1982లో స్వీడన్‌కే చెందిన లిండ్‌గ్రెన్ స్ప్రింగుతో పనిచేసే బయాప్సీ గన్ను తెచ్చాడు. డెన్వర్‌లో స్టీవ్ పార్కర్ ఈ గన్నును 1990లో స్టీరియోటాక్టిక్ యంత్రానికీ, 1993లో అల్ట్రాసౌండుకూ జోడించి ఫలితాలు ప్రకటించాడు. 1990ల మధ్యలో కణజాలాన్ని పీల్చి తీసే వాక్యూమ్ సూది వచ్చింది. అంటే "కొత్త టెక్నాలజీ, మన దాకా ఇంకా రాలేదు" అనడానికి వీల్లేదు. అల్ట్రాసౌండు చూస్తూ ముక్క తీయడం మొదలై ముప్పై ఏళ్ళు దాటింది.

చూస్తూ గుచ్చడానికీ, చేత్తో తడిమి గుచ్చడానికీ తేడా ఎంత? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఒకటి అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ కూడగట్టి 2014లో లెక్క చెప్పింది. తడిమి గన్ను పేలిస్తే ఉన్న క్యాన్సర్లలో 91 శాతం దాకా దొరుకుతాయి. అల్ట్రాసౌండు లేదా స్టీరియోటాక్టిక్ సాయంతో తీస్తే 97 నుంచి 99 శాతం. ఈ ఆరు నుంచి ఎనిమిది శాతం తేడా చిన్నదేం కాదు. క్యాన్సరున్న వందమందిలో అదనంగా ఆరు నుంచి ఎనిమిది మందికి "ఏమీ లేదు" అన్న కాగితం ఇచ్చి ఇంటికి పంపడమన్నమాట. కోసి తీసే బయాప్సీ ఖచ్చితమైనదే. అయితే దానిలో చెప్పుకోదగ్గ ఇబ్బందులు 2 నుంచి 10 శాతం మందిలో వస్తాయని, సూదితో ఒక శాతం లోపేనని అదే సంస్థ అంతకుముందు సమీక్షలో తేలింది.

గడ్డ చేతికి పెద్దదిగా తగులుతుంటే స్కానింగు దేనికని కొందరు సర్జన్లు అడుగుతారు. పెద్ద గడ్డలో మధ్యభాగం తరచు కుళ్ళి చచ్చిపోయి ఉంటుంది. అక్కడ గుచ్చితే మైక్రోస్కోపు కింద చచ్చిన కణాలు తప్ప ఏమీ కనబడవు. బతికి ఉన్న కణజాలం అంచుల్లో ఉంటుంది. మిర్చి యార్డులో ఏ వ్యాపారీ టిక్కీ (మిరప బస్తా) పైన ఉన్న నాలుగు కాయలు చూసి ధర కట్టడు, లోపల్నుంచి మచ్చు లాగి చూస్తాడు. ఎక్కడ లాగాలో ఇక్కడ స్కానింగు చెబుతుంది.

పని జరిగే తీరు చూస్తే భయం సగం తగ్గుతుంది. ఆమెను కాస్త పక్కకు వాల్చి పడుకోబెట్టి, ఆ వైపు చెయ్యి తలమీదికి పెట్టిస్తారు. జెల్ రాసి ప్రోబు ఆనిస్తే తెరమీద గడ్డ కనిపిస్తుంది. నిరపాయమైన ఫైబ్రోఎడినోమా సాధారణంగా అడ్డంగా పరుచుకుని, నున్నటి అంచుతో ఉంటుంది. అనుమానించవలసినది నిలువుగా లేచినట్టు, అంచు చెదిరినట్టు, వెనక నల్లటి నీడతో కనబడుతుంది. ఆ చోటును మొద్దుబార్చే లిగ్నోకెయిన్ ఎక్కించాక చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెడతారు. ఆ గాట్లోంచి 14 గేజి సూది లోపలికి వెళుతుంది. దాని మందం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇక్కడే నేర్పు. సూదిని ఛాతీ గోడకు సమాంతరంగా నడిపితే దాని పొడవంతా తెరమీద తెల్లటి గీతలా కనిపిస్తుంది, ఊపిరితిత్తి వైపు పోయే ప్రమాదం ఉండదు. మొన గడ్డ అంచుకు తాకగానే "ఇప్పుడు టప్పుమని చప్పుడవుతుందమ్మా, కదలొద్దు" అని ముందే చెబుతారు. చెప్పకపోతే ఉలిక్కిపడతారు. గన్ను పేలాక సూది గడ్డను దాటి అవతలికి వెళ్ళిందా లేదా అని తెరమీద మరోసారి చూసి, ఆ బొమ్మ దాచుకుంటారు. ఇలా నాలుగైదు ముక్కలు తీస్తారు. అగ్గిపుల్ల కంటే సన్నటి ఆ ముక్కల్ని ఫార్మలిన్ సీసాలో వేసినప్పుడు చేయితిరిగిన డాక్టరు సీసా వంక ఒకసారి చూస్తారు. కొవ్వు ముక్కైతే పైన తేలుతుంది, గడ్డలో ముక్కైతే మునుగుతుంది. అన్నీ తేలుతుంటే సూది గడ్డలో పడలేదేమోనని అనుమానించాలి. పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టి పట్టీ వేస్తారు. కుట్లుండవు. రెండ్రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక సన్న సూది సంగతి. మన ప్రాంతంలో "సూది పరీక్ష" అంటే ఎక్కువమంది అనుకునేది ఎఫ్‌ఎన్‌ఏసీ. 22 నుంచి 25 గేజి సూది, మత్తు అక్కర్లేదు, ఖర్చు వందల్లో, చాలాచోట్ల సాయంత్రానికి రిపోర్టు. పేషెంటు మళ్ళీ బస్సెక్కి రానక్కర్లేదు. పేదజనం వచ్చే ఆస్పత్రిలో ఇది చిన్న మేలు కాదు. దాన్ని పాతబడిపోయిన పరీక్షగా తీసిపారేసే ఆంకాలజిస్టులతో నేను ఏకీభవించను. నీటి తిత్తి ఏదో, గట్టి గడ్డ ఏదో అది తేల్చేస్తుంది. చంకలోని గ్రంథికి జబ్బు పాకిందా అన్నది చెప్పగలదు. ఫైబ్రోఎడినోమాయేనని చేతికీ స్కానింగుకూ అనిపిస్తున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి విషయంలో మూడోసాక్షిగా నిలబడుతుంది.

దాని హద్దు కూడా స్పష్టమే. అది కణాలను చూపిస్తుంది గానీ కణజాలం అమరికను చూపించదు. క్యాన్సరు పాలనాళంలోపలే ఉందా, గోడ దాటి బయటికొచ్చిందా చెప్పలేదు. ఫైబ్రోఎడినోమాకూ ఫిలోడిస్ కణితికీ మధ్య తడబడుతుంది. పైగా ఈనాటి చికిత్సంతా ఈఆర్, పీఆర్ (హార్మోను గ్రాహకాలు), హెర్2 అనే మూడు పరీక్షల మీద నడుస్తోంది. హార్మోను మాత్రలివ్వాలా, ట్రాస్టుజుమాబ్ ఇవ్వాలా, ముందు కీమో ఇచ్చి గడ్డ కరిగాక ఆపరేషన్ చేయాలా అన్నది అవే చెబుతాయి. వాటిని నమ్మకంగా చేయడానికి ముక్క కావాలి. కాబట్టి స్కానింగులోనో మమోగ్రాములోనో బైరాడ్స్ 4, 5 అని వచ్చిన గడ్డకు ఎఫ్‌ఎన్‌ఏసీ దగ్గర ఆగడం దండగ. ఎలాగూ మళ్ళీ ముక్క తీయాల్సిందే.

బైరాడ్స్ అన్నది అమెరికన్ రేడియాలజీ కాలేజీ 1990ల్లో పెట్టిన కొలత. రిపోర్టు అడుగున ఉండే ఈ అంకెను చదువుకోవడం ప్రతి ఆడమనిషికీ, ఆమె వెంట వెళ్ళేవాళ్ళకూ తెలిసి ఉండాలి. 1, 2 అంటే నిశ్చింత. 3 అంటే క్యాన్సరు అవకాశం రెండు శాతం మించదు, ఆర్నెల్లకు మళ్ళీ చూపించుకోవచ్చు. 4 అంటే అవకాశం రెండు నుంచి తొంభై ఐదు శాతం లోపు, చాలా వెడల్పైన గది, అందుకే 4ఏ, 4బి, 4సి అని పంచారు. 5 అంటే దాదాపు ఖాయం. 0 అంటే మంచిదని కాదు, బొమ్మ చాలలేదని, ఇంకో పరీక్ష చేయాలని.

స్టీరియోటాక్టిక్, ఎంఆర్‌ఐ దారుల గురించి పొడుగ్గా చెప్పనక్కర్లేదు. అల్ట్రాసౌండులో కనబడకుండా మమోగ్రాములో మాత్రమే సున్నపు చుక్కల్లా కనిపించేవాటికి మొదటిది, ఎంఆర్‌ఐలో తప్ప ఎక్కడా కనబడనివాటికి రెండోది. మన దగ్గర గడ్డ చేతికి తగిలాకే వస్తున్నారు. తగిలే గడ్డలు దాదాపు అన్నీ అల్ట్రాసౌండుకు దొరుకుతాయి. పైగా పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ పదేళ్ళు చిన్న వయసులోనే ఈ జబ్బు బయటపడుతోంది. ఆ వయసులో దట్టంగా ఉండే రొమ్ములో మమోగ్రాము కంటే అల్ట్రాసౌండే మెరుగ్గా చూస్తుంది. ఖరీదైన ఆ యంత్రాలు రాష్ట్రంలో రెండు మూడు చోట్ల ఉంటే సరిపోతుంది. జిల్లాకు కావలసింది మంచి ప్రోబున్న అల్ట్రాసౌండు, గన్ను, నేర్పున్న చెయ్యి.

ముక్క కావాలనడానికి మరో కారణం ఉంది. మన దేశంలో గట్టి గడ్డలన్నీ క్యాన్సరు కావు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు, అప్పుడప్పుడు రొమ్ములో క్షయ, అచ్చం క్యాన్సరులాగే చర్మాన్ని లాగి, గడ్డకట్టి, స్కానింగులో కూడా భయపెడతాయి. వాటిని కోసినకొద్దీ పుండు మానదు, చీము దారులు పడతాయి. ఆ రొమ్ముకు కావలసింది మందులు. ముక్క పరీక్ష లేకుండా కత్తి పెడితే జరిగే నష్టం క్యాన్సరున్నవాళ్ళకే కాదు, లేనివాళ్ళకూ ఉంది.

క్యాన్సరున్నవాళ్ళకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ. మామూలు గడ్డ అనుకుని తీస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోతుంది. గాటు ఎటుపడితే అటు ఉంటుంది. రొమ్ము నిలిపే ఆపరేషన్ అవకాశం తగ్గుతుంది. ముందు కీమో ఇచ్చి మందుకు గడ్డ లొంగుతోందో లేదో కళ్ళారా చూసే వీలు పోతుంది. ఎందుకంటే చూడటానికి గడ్డే లేదు. అది ఆ మూడు పరీక్షల్లోనూ నెగెటివ్ వచ్చే కణితైనా, హెర్2 ఉన్నదైనా నష్టం మరీ పెద్దది. అన్నిటికంటే మామూలుగా జరిగే అన్యాయం, తీసిన గడ్డను ఉప్పునీళ్ళ సీసాలో వేసి ఇంటివాళ్ళ చేతికివ్వడం. ల్యాబుకు చేరేసరికి కణజాలం పాడైపోతుంది. ముక్క తీసిన గంటలోపు పది శాతం ఫార్మలిన్‌లో పడాలి, అందులో ఆరు గంటలకు తగ్గకుండా, డెబ్భై రెండు గంటలకు మించకుండా ఉండాలి. ఇది అంతర్జాతీయ ప్రమాణం. ఇది తప్పితే ఉన్న హార్మోను గ్రాహకం లేదని రావచ్చు. అప్పుడామెకు రోజుకొక్క మాత్రతో ఏళ్ళతరబడి దొరకాల్సిన రక్షణ దక్కదు. మే నెల ఎండలో, శనివారం మధ్యాహ్నం తీసిన ముక్క సోమవారం దాకా ఎక్కడుంది, దేనిలో ఉంది అన్నది చిన్న ప్రశ్న కాదు. సీసామీద ముక్క తీసిన సమయం రాసే అలవాటు చేస్తే కాణీ ఖర్చు లేదు.

రిపోర్టు వచ్చాక కూడా ఒక మెట్టుంది. దాన్ని స్కానింగు బొమ్మతో కలిపి చూడాలి. బొమ్మ 5 అంటుంటే ముక్కలో "ఏమీ లేదు" అని వస్తే ఆనందించకూడదు, మళ్ళీ తీయాలి. చెయ్యి, బొమ్మ, ముక్క ఈ మూడూ ఒకటే మాట చెప్పినప్పుడే నిర్ధారణ. బొమ్మ తీసినవారు ఒక వీధిలో, సూది గుచ్చినవారు ఇంకో వీధిలో, ముక్క చూసినవారు వేరే ఊళ్ళో ఉంటే ఈ మూడు మాటల్నీ కలిపేదెవరు? అసలు జబ్బు ఇదేనని నా అనుమానం.

సూది గుచ్చితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందన్న మాట పొలంగట్ల మీద ఎక్కువ వినబడుతుంది. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. సూది దారిలో కొన్ని కణాలు జరగడం మైక్రోస్కోపు కింద కనబడిన మాట వాస్తవం. రోజులు గడిచేకొద్దీ అవి బతకలేక తగ్గిపోతాయని కూడా ఆ అధ్యయనాలే చూపించాయి. సూది బయాప్సీ వల్ల ఆయుష్షు తగ్గిందని రుజువు కాలేదు. ఆలస్యం వల్ల తగ్గుతుందని మాత్రం రుజువైంది. ఇక పురుగుమందుల వల్లే ఇదంతా అన్నది రెండోమాట. పత్తికీ మిరపకూ మనం కొట్టినన్ని మందులు చూస్తే ఆ అనుమానం రావడం సహజం. చిన్నతనంలో డీడీటీకి గురైన ఆడపిల్లల్లో తర్వాత రొమ్ము క్యాన్సరు ఎక్కువైందని కాలిఫోర్నియాలో 2007లో ఒక అధ్యయనం వచ్చింది. ఈ నేలమీద అలాంటి దీర్ఘకాల పరిశోధన జరగాలి. కానీ కారణం తేలేదాకా గడ్డ ఆగదు.

ఈ ప్రాంతానికి పునాదులు లేకపోలేదు. అన్నా కుగ్లర్ అనే లూథరన్ వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి నిలబెట్టింది. మగ డాక్టరుకు ఒళ్ళు చూపించలేక జబ్బు దాచుకునే ఆడవాళ్ళ కష్టం ఆమెకు అప్పుడే అర్థమైంది. నూట పాతికేళ్ళు దాటినా "లేడీ డాక్టరున్నారా?" అన్న ప్రశ్న స్కానింగు గది బయట ఇంకా వినబడుతూనే ఉంది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చింది. గుంటూరు ప్రభుత్వాస్పత్రి (జీజీహెచ్) ఆవరణలో నాట్కో ట్రస్టు క్యాన్సరు కేంద్రం కట్టించింది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. చికిత్సకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అయితే ఆ పథకంలో క్యాన్సరు చికిత్సకు అనుమతి అడగాలంటే బయాప్సీ కాగితం చేతిలో ఉండాలి. ఆ కాగితం వచ్చేదాకా తిరిగిన తిరుగుళ్ళు, పోయిన కూలి ఏ పథకం లెక్కలోకీ రావు.

అల్ట్రాసౌండుకు ఇంకో చిక్కుంది. ఆడపిల్లల భ్రూణహత్యలు ఆపడానికి 1994లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి యంత్రం, అది ఉండే ప్రతి గది రిజిస్టరు కావాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాలపై 2012 నుంచి ఆంక్షలు మరింత బిగిశాయి. ఆ చట్టం అవసరం ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దాన్ని సడలించమని నేననను. కానీ యంత్రాన్ని వినుకొండకో కనిగిరికో సులభంగా తీసుకెళ్ళలేం గనుక, మనిషి యంత్రం దగ్గరికి వచ్చిన ఆ ఒక్కరోజునే స్కానింగు, సూది, సీసా మూడూ అయిపోవాలి.

ఎందుకంటే ఆ మనిషి మళ్ళీ రాకపోవచ్చు. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికని (కోతల కాలపు వలస) పత్తి తీతలకు, మిరప కోతలకు ఇక్కడికి వచ్చే కుటుంబాలు వేలల్లో ఉంటాయి. వాళ్ళ ఆశా కార్యకర్త అక్కడ, గడ్డ ఇక్కడ. రిపోర్టు వచ్చేసరికి గుడారం ఎత్తేసి ఉంటారు. ముంబై టాటా ఆస్పత్రి లక్షన్నర మంది మహిళలను ఇరవై ఏళ్ళు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించింది. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తే యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆ ఫలితం చేతి పరీక్ష ఒక్కదానిదే కాదు. గడ్డ దొరికిన మనిషిని వెంటబడి నిర్ధారణ దాకా తీసుకెళ్ళిన వ్యవస్థది. మన రాష్ట్రంలోనూ ఇంటింటి క్యాన్సరు స్క్రీనింగు మొదలైంది. వచ్చిన అనుమానితులకు ముక్క పరీక్ష ఎన్నాళ్ళలో అయిందన్న లెక్క కూడా ప్రతి నెలా బయటపెట్టాలి. లక్షణం చెప్పిన రోజు నుంచి 60 రోజుల్లో నిర్ధారణ పూర్తి కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి 1.92 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా వస్తోంది, 98 వేల మంది చనిపోతున్నారు.

నా దృష్టిలో జిల్లా ఆస్పత్రి, బోధనాస్పత్రి ప్రతిదానిలోనూ వారానికి రెండు రోజులు రేడియాలజిస్టు, సర్జను, పాథాలజిస్టు ఒకే అంతస్తులో కూర్చునే రొమ్ము ఓపీ నడవాలి. ఆ గదిలో ఒక మహిళా వైద్యురాలు తప్పనిసరి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

అప్పటిదాకా చదివేవారికి ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా గడ్డ తగిలితే, "ముందు తీసేద్దాం" అన్నచోట ఆగి, బైరాడ్స్ ఎంత వచ్చిందో, ముక్క పరీక్ష ఎందుకు వద్దంటున్నారో అడగండి. ముక్క తీశాక ఈఆర్, పీఆర్, హెర్2 కూడా రాసి పంపారా అడగండి. రిపోర్టుతో పాటు స్లైడ్లు, బ్లాకులు ల్యాబు నుంచి అడిగి తీసుకుని దాచుకోండి. రేపు హైదరాబాదు వెళ్ళినా విశాఖ వెళ్ళినా డాక్టర్లు ముందుగా అడిగేవి అవే.